అందరూ ఒకే జవాబు చెప్పిన ప్రశ్న

"కత్తి లేదు, విషం లేదు. లెక్కతోటి చంపింది మేడం, లెక్కతోటి! నా సర్వీసుల గిట్లాంటి ఖూనీ ఇదే ఫస్టు."

ఇన్‌స్పెక్టర్ హరికిషన్ ఈ మాటను పొద్దున్నుంచి ఎంతమందికి చెప్పాడో తెలీదు గానీ, చెప్పిన కొద్దీ ఆయనకు అది మరింత ముద్దొస్తున్నట్టుంది. టీ గ్లాసు నా వైపు తోశాడు. నేను ముట్టుకోలేదు. సాయంత్రం నాలుగింటికి మాధురిని కోర్టుకు తీసుకుపోతారు. అప్పటికే పదకొండు దాటింది. టీ తాగుతూ కూర్చునే తీరిక నాకు లేదు.

"ఖూనీ అని మీరంటున్నరు. నాకింకా అట్ల అనిపిస్తలేదు" అన్నాను.

"అనిపియ్యదు. మీకు క్లెయిములే అనిపిస్తయి."

ఇది ఎత్తిపొడుపు. చిలకలగూడలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకోక ముందు నేను ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేశాను. ఆసుపత్రి బిల్లుల్లో దొంగవేవో, దొరవేవో ఏరడం నా పని. కిందటేడు హరికిషన్ పేపర్లవాళ్లను పిలిచి మరీ పట్టుకున్న ఒక దొంగ, దొంగే కాదని నేను తేల్చాను. నగలు ఇంటాయన బీరువా వెనకే దొరికాయి. అప్పట్నుంచి నేను ఆయనకు 'క్లెయిమ్ మేడం'ని.

"సరే, మీ కేసేందో ఇంకోసారి చెప్పండి. మొదట్నుంచి."

ఆయన హుషారుగా ముందుకు వంగాడు.

"రామభద్రరావు. లెక్కల లెక్చరర్, రిటైరైండు. గుండెకు వాల్వు మార్చిండ్రు. గసుంటోళ్లు రక్తం గడ్డ కట్టకుండ దినాం ఒక గోళి ఏసుకోవాలె. తక్కువైతే గడ్డ కడ్తది, ఎక్కువైతే లోపల రక్తం కారుతది. ఎంత ఏసుకోవాలెనో కార్ఖాన ఏరియాల ఉన్న క్లినిక్ కంప్యూటర్ చెప్తది. ఆ కంప్యూటర్‌ల లెక్క రాసిందెవరు? పెద్దాయన, ఆయన స్టూడెంటు మాధురి. ఇద్దరికీ నెలల సంది పడ్తలేదు. పెద్దాయనకు రోజుకు అయిదు మిల్లీగ్రాములు ఇస్తుండె. ఆషాఢం దాటేసరికి ఎంతైంది? తొమ్మిది! శ్రావణంల తల లోపల రక్తం కారి పాయె పానం."

"డాక్టర్ చూసుకోలేదా?"

"ఉదయ్ భాస్కర్ గారా? కంప్యూటర్ చెప్పింది, నేను సంతకం పెట్టిన అంటుండు. ఆయన తక్లీఫ్ ఆయనది. ఇంకొకటి వినుండ్రి. పక్క ఫ్లాట్‌ల ప్రేమమణి అని ఉంటది. ఆషాఢంల ఒకదినం ఈ పిల్ల ఆ ఇంట్ల మొత్తుకునుడు చెవులార విన్నది. 'మాస్టారూ, ఇది మీ ప్రాణం మీదికే వస్తుంది' అన్నదట."

"అది బెదిరింపో, హెచ్చరికో?"

"అది కోర్టుల తేలుతది. అడిగితే చెప్పొచ్చు గద? చెప్పదు. క్లినిక్‌కు సీలేసి, ఆ కంప్యూటర్ల కెళ్లి మావోళ్లు తీసిన గ్రాఫు గీతలు ముందట పెట్టి అడిగిన. గీతల గురించి గంట సేపు చెప్తది. ఎందుకు మొత్తుకున్నవంటే నోరు కుట్టేసుకుంటది."

నాకు కూడా అదే అంతుబట్టలేదు. జైలుకు పోయే మనిషి ఊరికే నోరు మూసుకోదు.

ఈ కేసులోకి నన్ను దించింది రామభద్రరావు గారి భార్య సీతారత్నం. మొన్న మా ఆఫీసు మెట్లెక్కి ఆయాసంతో కుర్చీలో కూలబడి, మంచినీళ్లు కూడా అడక్కుండా, "మా మాధురి ఆయన్ని చంపదమ్మా. ఆ పిల్ల మా ఇంట్లో తిని పెరిగింది. మరి ఎవరు చంపేరో నువ్వు తేల్చి చెప్పాలి. ఎవరైనా సరే, నాకు చెప్పాలి" అంది. ఆ 'ఎవరైనా సరే'కు నేను సరేనన్నాను. అనకపోతే ఎంత బాగుండేదో!

మాధురి లాయరు గారి పుణ్యమా అని ఆ అమ్మాయితో మాట్లాడేందుకు నాకు కాసేపు వ్యవధి ఇచ్చారు. లేడీ కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడింది. మాధురికి ముప్పై దాటి ఉండవు. కళ్లద్దాలు తీసి చున్నీతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"నీ లెక్క నాకు సమజయ్యేటట్టు చెప్పమ్మా. నేను టెన్త్‌ల లెక్కలు గట్టెక్కిందే మా సార్ దయవల్ల" అన్నాను.

ఆ అమ్మాయి మొహంలో చిన్న నవ్వు లాంటిది వచ్చి పోయింది.

"మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది కదండీ. దానికి అడుగున ఎక్కడో చిల్లుందనుకోండి. ఎంత చిల్లో మనకు కనపడదు. వారానికోసారి మూత తీసి మట్టం చూస్తాం. మట్టాన్ని బట్టి చిల్లు ఎంతుందో లెక్క కడతాం. దానికి తగినట్టు నల్లా తిప్పుతాం. మందే నల్లా. రక్తం ఎంత పల్చగా ఉందనేది మట్టం. ఒక్కొక్కరి ఒంట్లో చిల్లు ఒక్కోలా ఉంటుంది. అందుకని ఒక్కొక్కరికీ విడిగా లెక్క. మేం కంప్యూటర్లో రాసిన మోడల్ అంటే ఇంతే."

"మరి మాస్టారి మట్టం ఏమైంది?"

"ఆషాఢం మొదట్లో పడిపోయింది. మోడల్ నల్లా కాస్త తిప్పింది. మళ్లీ పడింది. ఇంకాస్త తిప్పింది. ఆ తర్వాత నిలకడగా నిలబడింది. నిలకడగా ఉన్నవాళ్లు వారంవారం రానక్కర్లేదు, నెల తర్వాత రండి అంటుంది. అది తప్పు కాదండీ. లెక్క లేకుండా చూసే డాక్టర్లు కూడా అలాగే చేస్తారు."

"ఆ నెల గడవకముందే ఆయన పోయిండు."

"అవును. నెల కాకుండా వారం అని ఉంటే దొరికిపోయేది. ఆ రూలు రాసింది నేనే."

"అసలు మట్టం ఎందుకు పడ్డది?"

"దానికి మూడు కారణాలే ఉంటాయి." వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "మాత్ర మర్చిపోవడం. మాస్టారు మర్చిపోరు, అమ్మ మర్చిపోనివ్వదు. రెండోది, వేరే జబ్బుకు కొత్త మందు మొదలెట్టడం. అలాంటిదేం లేదు." మూడో వేలు సగం మడిచి ఆగిపోయింది. ఆ చేతిని మరో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"మూడోది?"

"ఏం లేదండీ. రెండే."

"మూడన్నవ్."

"పొరపాటున అన్నాను."

లెక్కల మనిషి రెంటికీ మూడింటికీ పొరపాటు పడుతుందంటే నేను నమ్మను. అయినా దాన్ని పట్టుకుని లాగలేదు. లాగితే బిగుసుకుంటుంది. గొడవ వైపు తిప్పాను.

"ఆ రోజు ఎందుకు మొత్తుకున్నవ్?"

"ఒక ప్రశ్న గురించి. మొదట్లో నర్సు ముందున్న స్క్రీన్ మీద ఒక ప్రశ్న ఉండేది. వచ్చిన ప్రతివాళ్లనూ అడగాలి. మాస్టారు దాన్ని తీయించేశారు. ఆయన మోతాదు పెరగడం చూసి నాకు భయమేసింది. మళ్లీ పెడదాం మాస్టారూ అని వెళ్లి అడిగాను. ఒప్పుకోలేదు. గట్టిగా అరిచాను. ప్రాణం మీదికొస్తుందని అన్న మాట నిజమే. నా నోటికి బుద్ధి లేదు."

"ఎందుకు తీయించిండు?"

"అందరూ ఒకే జవాబు చెప్పేవారు. ఒక్కరు కూడా వేరే జవాబు చెప్పలేదు. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్నకు లెక్కలో విలువ సున్నా మాధురీ, అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే."

"ఏమని చెప్పేటోళ్లు అందరు?"

"మామూలే అని."

"ప్రశ్న ఏంది?"

మాధురి మళ్లీ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టింది. నేను ఏదో తోచీ తోచనట్టు అడిగాను. "మాస్టారి ఇంటికి ఆఖరున ఎప్పుడు పోయినవమ్మా?"

"పన్నెండో రోజున. వంటింట్లో గిన్నెలు అందిస్తూ..." అంతలోనే తలెత్తి నన్ను చూసింది. తన నోట్లోంచి ఒక మాట జారిపోయిందని గ్రహించిన చూపు అది. రెండు చేతులూ జోడించింది. "కల్పలత గారూ, నన్ను ఏమైనా అడగండి. కోర్టులో నా తిప్పలు నేను పడతాను. అమ్మనేం అడగకండి. మీకు దణ్ణం పెడతాను."

తప్పు చేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు ఎవరి మీదికో ఒకరి మీదికి తోస్తారు. ఈ పిల్ల తోయడం లేదు, అడ్డు నిలబడుతోంది. ఎవరికి అడ్డు నిలబడుతోందో కూడా తనే చెప్పేసింది. బయటికొచ్చాను. నన్ను పిలిచి ఈ పని అప్పగించిన మనిషి ఇంటికే, ఆవిడ వంటింటికే నేను పోవాలి.

కార్ఖానాలో ఆ ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. నేను ఆటో దిగేసరికి హరికిషన్ జీపు నా వెనకే ఆగింది.

"మీరెందుకు సార్?"

"మీరు సాక్ష్యం తారుమారు చెయ్యకుండ చూడాలె గద. మీ మీద గింతే నమ్మకం నాకు" అంటూ బొటనవేలి గోరు చూపించాడు.

సీతారత్నం గారు తలుపు తీసి, నా వెనక ఖాకీ బట్టలు చూసి ఒక్క క్షణం తడబడింది. మరుక్షణమే, "రండి బాబూ, లోపలికి రండి. కాఫీ పెడతాను" అంది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఇంటికి పోలీసు వచ్చినా కాఫీ ఇవ్వాల్సిందే. ఆవిడ తీరే అంత. బంధువులు వెళ్లిపోయారట. ఇల్లు బోసిగా ఉంది.

"అమ్మా, వంటిల్లు చూడొచ్చా?"

"వంటింట్లో ఏం ఉంటుందమ్మా చూడ్డానికి! చూసుకో."

మందుల డబ్బా ముందు చూశాను. వారానికి ఏడు అరలున్న ప్లాస్టిక్ డబ్బా. ఆయన పోయిన రోజు వరకూ అరలు ఖాళీ, ఆ తర్వాత అరల్లో మాత్రలు అలాగే ఉన్నాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మాధురి మొదటి వేలు నిజమే చెప్పింది. వేరే మందు చీటీ గానీ సీసా గానీ ఏమీ లేదు. రెండో వేలూ నిజమే.

పొయ్యి గట్టు మీద పెద్ద గాజు సీసాలు మూడు, కడిగి బోర్లించి ఉన్నాయి. నాలుగోది కడగలేదు. అడుగున పచ్చటి పొడి అంటుకుని ఉంది. మూత తీసి వాసన చూశాను. ఎండుమిర్చి, వెల్లుల్లి, వాటి కింద ఒక పచ్చి ఆకు వాసన. బాల్కనీలో తీగ మీద పాత పంచె ఆరేసి ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోని ఆకుపచ్చ మరకలు. వాషింగ్ మెషీన్ వెనక సందులో పురికొసతో కట్టలు కట్టి పెట్టిన ఎండు పుల్లలు. ఒక కట్ట విప్పితే సన్నటి ఈనెలు చేతిలో పుటుక్కున విరిగాయి.

"అమ్మా, ఇవేంది?"

"మునగ రెమ్మలమ్మా. పారేద్దామనుకుంటూనే ఉన్నాను." ఆవిడ పాలు పొయ్యి మీద పెడుతూ చెప్పింది. "ఆషాఢంలో మునగాకు తినాలి కదా. మా వైపు తప్పనిసరి. ప్రతి ఏడూ ఏదో ఒకరోజు పప్పులో వేసి అయిందనిపించేదాన్ని. ఈ ఏడు ఆయనకి నీరసం ఎక్కువైంది. మునగాకులో ఉన్నంత బలం ఎందులోనూ లేదని టీవీలో కూడా చెప్తున్నారు. అందుకని నెలంతా పెట్టేను. పొద్దున ఇడ్లీలోకి పొడి, మధ్యాహ్నం పప్పులోనో కూరలోనో ఆకు. మోండా మార్కెట్ నుంచి మోపులు తెప్పించేదాన్ని. కూర్చుని ఒలవక్కర్లేదమ్మా, రాత్రి పాత పంచెలో మూటగట్టి పెడితే తెల్లారేసరికి ఆకంతా దానంతటదే రాలిపోతుంది. ఆయన ఎంత ఇష్టంగా తిన్నారో!"

"ఇప్పుడు?"

"ఇప్పుడెందుకుంటుందమ్మా? ఆషాఢం వెళ్లిపోయింది. శ్రావణం వచ్చిందగ్గర్నుంచి నేను వండలేదు."

నా చేతిలో పుల్లలు అలాగే ఉండిపోయాయి. గుండె వాల్వు మార్చినవాళ్ల క్లెయిము ఫైళ్లు నేను ఎన్నో తిరగేశాను. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద, ఉప్పు తగ్గించండి, బరువులు ఎత్తకండి అన్నవాటి కింద ఎక్కడో ఒక మాట ఉంటుంది. ఆకుకూరలు ఎప్పుడూ ఒకే తీరుగా తినండి, ఒక్కసారిగా పెంచకండి, తగ్గించకండి అని. ఆకుకూరలకూ ఆ మాత్రకూ పడదు. ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరూ రెండోసారి చదవరు.

అడగాలని లేకపోయినా అడిగాను. "అమ్మా, క్లినిక్‌ల మిమ్మల్ని తిండి గురించి అడిగేటోళ్లా?"

"మొదట్లో అడిగేవారు. ఆకుకూరలు ఎలా తింటున్నారు అని. మామూలే అని చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత అడగడం మానేశారు."

హరికిషన్ వంటింటి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకున్నాడు. "మేడం, నేను మర్డర్ కేసు చూస్తున్న. మీరు వంటల ప్రోగ్రాం చూస్తుండ్రు. టైం ఫిజూల్ చేస్తే ఎట్ల?"

ఆయన్ని ముందుగదిలోకి లాక్కుపోయినంత పని చేశాను. గొంతు తగ్గించి ట్యాంకు సంగతి, చిల్లు సంగతి, మాధురి మడవని మూడో వేలి సంగతి చెప్పాను. విన్నంతసేపూ ఆయన మీసం దువ్వుతూనే ఉన్నాడు.

"మునగాకు తిని సచ్చిండని చెప్తే కోర్టుల పడీపడీ నవ్వుతరు."

"తిన్నందుకు కాదు సార్. ఆపినందుకు."

మీసం మీద చెయ్యి ఆగింది.

"ఆషాఢమంత ఆ ఆకు మందును కొడుతుండె. లెక్కకు ఆకు సంగతి తెల్వదు, ఎవరూ చెప్పలేదు. ఈ మనిషి ఒళ్లే ఇంత అనుకున్నది, మోతాదు పెంచుకుంట పోయింది. రెండూ సమానమైనయి. నిలకడగుంది, నెలకు రండి అన్నది. శ్రావణం వచ్చింది. ఆకు బంద్. పెంచిన మోతాదు అట్లనే ఉన్నది. ఇగ ఆపేది ఏమున్నది?"

హరికిషన్ సోఫాలో కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద రామభద్రరావు గారి ఫొటోకు దండ వేసి ఉంది. హరికిషన్ ఆ ఫొటో వైపే చూస్తూ, "అంటే ఎవ్వలు చంపలేదు" అన్నాడు. లెక్కతోటి ఖూనీ అన్న మాట ఇక ఎవరికీ చెప్పలేనని దిగులు పడ్డాడో, నిజంగానే బాధపడ్డాడో నాకు తెలీలేదు. బాధే అనుకుంటాను.

"మాధురికి పన్నెండో రోజు ఈ ఇంట్లనే సమజైంది. అందుకే నోరు విప్పుతలేదు. విడిచిపెట్టండి ఆ పిల్లను."

"ఎట్ల విడుస్త మేడం? మీరు జెప్పింది కథ. నాకు వాంగ్మూలం గావాలె. నెలంత పెట్టిన, శ్రావణంల ఆపిన అని ఆ పెద్దమ్మ నోటితోటి చెప్పాలె."

"సీసాల పొడి ఉన్నది. ల్యాబుకు పంపండి."

"రిపోర్టు వచ్చేదాంక ఆ పిల్ల జైల్ల ఉంటది. మీకు సమ్మతమేనా?"

"ఆమెకు చెప్తే ఏమైతదో తెలుసా మీకు? బతికున్నన్ని రోజులు..."

"నాకెరుక లేదా? మాయమ్మ లేదా నాకు?" హరికిషన్ గొంతు ఒక్కసారిగా లేచింది. "నేనేమన్న రాయినా? కానీ నాలుగింటికి కోర్టు. ఇద్దర్ల ఒక్కర్నే కాపాడగలరు మీరు. ఎవర్నో చెప్పుండ్రి!"

చెప్పే అవసరం లేకుండా పోయింది. సీతారత్నం గారు కాఫీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలీదు.

"ఆపినందుకు ఏవిటమ్మా?" అంది.

నేను హరికిషన్ వైపు చూశాను. ఆయన నేల వైపు చూశాడు.

"ఎవరైనా సరే చెప్తానన్నావు. చెప్పు."

చెప్పాను. కూర్చోబెట్టి, పళ్లెం అందుకుని, మెల్లగా, వీలైనంత మెత్తటి మాటలు ఏరుకుని చెప్పాను. ఎంత మెత్తగా చెప్పినా ఆ మాటలు చివరికి ఆవిడ వంటింట్లోకే పోతున్నాయి. ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా నాకు నయంగా ఉండేది. కుడిచెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకుంది.

"పన్నెండో రోజున నేను ఆ పంచె ఉతికి ఆరేస్తుంటే మాధురి చేతిలో గిన్నె జారిపోయింది. ఏవిటే అంటే ఏం లేదమ్మా అంది. పాపం, పిచ్చిపిల్ల! నా కోసం జైలుకి పోదామనుకుందా?"

"అమ్మా, ఇది మీ తప్పు కాదు. క్లినిక్‌ల ఆ ప్రశ్న తీసెయ్యకపోతే..."

"ఉంచితే మాత్రం?" ఆవిడ నన్ను మధ్యలోనే ఆపేసింది. "ఉంచితే నేనేం చెప్పేదాన్ని? మామూలే అనేదాన్ని. ఆషాఢంలో మునగాకు మామూలే కదమ్మా. పైగా పొడిని ఆకుకూర అని ఎవరనుకుంటారు? నలభై ఏళ్లు ఆయన పక్కన ఉండి, ఆయన లెక్కల్లో నేనెప్పుడూ వేలు పెట్టలేదు. నా వంటలో ఆయనా వేలు పెట్టలేదు."

ఆ ప్రశ్నను తీయించింది ఆయనేనని నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఒక మనిషి ఒకరోజున మొయ్యగలిగినదానికి హద్దుండాలి.

హరికిషన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పింది నేను రాసుకుంట. మీ మీద కేసేం ఉండది. ఆ పిల్ల ఇంటికి పోతది" అన్నాడు. అలాంటి గొంతు ఆయనకుందని నాకు ఆ రోజే తెలిసింది.

"రాసుకో బాబూ. దాన్ని ముందు ఇంటికి పంపు."

ఆయన రాస్తున్నంతసేపూ నేను బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. కేసు తేలింది. గెలిచాను. నా మొహాన ఉమ్మేసుకోవాలనిపించింది. చేతులకు ఏదో ఒక పని కావాలని, విప్పిన పుల్లల కట్టను మళ్లీ కడదామని వంగాను. వాషింగ్ మెషీన్ వెనక సందు చిన్నదే గానీ లోతుంది. ఒక కట్ట తీస్తే వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. తీసిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. బాల్కనీ సగం నిండింది.

ఇద్దరు ముసలివాళ్లు. ఒక నెల. నాలుగు పెద్ద సీసాలు. ఇంత ఆకు వీళ్లిద్దరే తిన్నారా?

లోపలికి వచ్చాను.

"అమ్మా, ఆ పొడి ఇంకెవ్వరికన్న ఇచ్చిండ్రా?"

ఆవిడ తలెత్తింది. మొదట నా ప్రశ్న అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పెదాల్లోంచి రంగు పోవడం నేను కళ్లారా చూశాను.

"క్లినిక్‌లో బెంచీ మీద... వారంవారం మేమంతా ఒకేసారి వెళ్లేవాళ్లం. పిలిచేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లం. అందరూ నీరసం నీరసం అంటుంటే... తలో పొట్లం కట్టి తీసుకెళ్లేదాన్ని. అయిపోతే మళ్లీ ఇచ్చేదాన్ని. అన్నంలో మొదటి ముద్ద దీంతోనే తినండి, ఆయనకి బాగా పనిచేస్తోందని నేనే చెప్పేను."

హరికిషన్ పెన్ను ఆగింది.

"ఎందరు?" అన్నాను.

"బెంచీ అంతా."

అందరికీ మోతాదులు పెరిగి ఉంటాయి. అందరూ నిలకడగా ఉన్నారని లెక్క అనుకుని ఉంటుంది. అందరినీ నెల తర్వాత రమ్మని ఉంటుంది. పొట్లాలు ముందో వెనకో అయిపోయి ఉంటాయి. ఇక పరీక్షకు రావలసిన రోజులొచ్చేసరికి క్లినిక్ తలుపుకు పోలీసు సీలుంది. నేను హరికిషన్ వైపు చూశాను. నేనేమీ అనకముందే ఆయన లేచి నిలబడి స్టేషన్‌కు ఫోన్ కలిపాడు.

"ఉదయ్ భాస్కర్ గారికి లైన్ కలుపు. ఎక్కడున్నా సరే. క్లినిక్ తాళాలు తీస్కొని ఉరుకు. సీలు? నేను జెప్తున్న, పలగ్గొట్టు! మాధురిని జీపుల ఎక్కించుకొని సీదా ఆడికే తీస్కరా. ఆ కంప్యూటర్ల ఉన్న ప్రతి పేషెంటుకు ఫోన్ పోవాలె. ఇయ్యాల గోళి ఎవ్వలు మింగొద్దని చెప్పుండ్రి!"

"అమ్మా, వాళ్లల్ల ఎవరి నంబరన్న ఉన్నదా మీ దగ్గర?" అని అడిగాను.

"పేర్లు కూడా తెలీవమ్మా నాకు. ఒకాయన మనవరాలికి ఇంజినీరింగు సీటు వచ్చింది. ఒకావిడ కోడలికి ఏడో నెల. ఒకాయన కందిపప్పు పడదంటాడు. అలా తెలుసు అందరూ." తన ఫోన్ తీసి నొక్కుతోంది. "లచ్చమ్మది ఒక్కటే ఉంది. వాళ్లది చిలకలగూడ. తనే నంబరు ఇచ్చింది. నిన్ననే ఫోన్ చేసి, పొట్లం అయిపోయి చాలా రోజులైంది, మళ్లీ ఎప్పుడిస్తావక్కా అని అడిగింది."

స్పీకర్ పెట్టాను. చాలాసేపు మోగింది. చివరికి ఒక ఆడపిల్ల గొంతు పలికింది. లచ్చమ్మ కోడలట.

"అత్తమ్మ పండుకున్నదమ్మా. పొద్దుగాల్ల కెళ్లి తలనొస్తున్నదని ఒకటే మొత్తుకున్నది. జెర పండుకుంటే తగ్గుతదని నేనే పండవెట్టిన."

"లేపమ్మా. ఇప్పుడే లేపు" అన్నాను.

ఫోన్ మంచం మీద పెట్టిన చప్పుడు. అత్తమ్మా అన్న పిలుపు. మళ్లీ అత్తమ్మా అని, ఈసారి గట్టిగా. సీతారత్నం గారు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, "లచ్చమ్మా, నేనమ్మా, రత్నాన్ని. ఒక్కసారి లేవవే తల్లీ" అంటూ అందులోకి వంగిపోయింది. హరికిషన్ తన ఫోన్‌లో అంబులెన్సుకు చిలకలగూడ అడ్రసు చెప్పమని నాకు సైగ చేస్తున్నాడు. నాకు అడ్రసు తెలీదు.

కోడలి గొంతు మళ్లీ దగ్గరికొచ్చింది. "ఎంత లేపినా లేస్తలేదమ్మా. గట్లెందుకు పండుకున్నది? మీరెవ్వలు? మీకెట్ల దెలిసింది?"